కులం మీద చదువుకు పైసల్లేవట!
(ఆత్మకూరు సభలో విద్యార్థులనుద్దేశించి చేసిన ప్రసంగం)



మన పిల్లలు రాజనీతిశాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు చదువుతున్నరు. పై చదువుకు విదేశం పోతందుకు కేంద్రం స్కాలర్‌షిప్ ఉన్నది. ఏడాదికి 125 జాగలు, అందుల 115 ఎస్సీలవి. వయసు 35 లోపు, ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉండాలె.

అయితే 2022లో సర్కారు మెలిక పెట్టింది: భారత సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధన చేస్తే ఇయ్యదట! 1913లో బరోడా రాజు స్కాలర్‌షిప్‌తో అమెరికా పోయిన బాబాసాహెబ్, 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో వ్యాసం చదివిండు. దేని మీద? ఇండియాలో కులాల మీదనే! ఈ షరతు ఆనాడుంటే ఆ వ్యాసం పుట్టేదా?

తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, దరఖాస్తులు పెట్టుండ్రి, ఒక్క జాగ కూడ ఇడవొద్దు. షరతు ఎత్తేయమని కొట్లాడుండ్రి. మన వాడ కథ మనం రాయకుంటే ఎవరు రాస్తరు?