అమ్మ పాటకు కాగితమేదీ?

(అంబేడ్కర్ జయంతి నాడు హాస్టల్ పిల్లల సభలో చేసిన ప్రసంగ పాఠం)



బాబాసాహెబ్ గురించి నాకన్నా బాగా చెప్పేవాళ్లు ఈ వేదిక మీదున్నారు. నేను చూసొచ్చిన ఒక గది గురించి చెబుతాను.

2019 మొదట్లో మేం నలుగురు టీచర్లం కేరళ వెళ్లాం. ఫోర్ట్ కొచ్చిలో బినాలే అనే పెద్ద కళాప్రదర్శన జరుగుతోంది. బొమ్మలుంటాయనుకుని పోయాం. శిల్పా గుప్తా అనే కళాకారిణి గదిలో బొమ్మ లేదు. మసక చీకటి. నూరు ఇనప ఊచలు. ఒక్కో ఊచకి ఒక కవిత కాగితం గుచ్చి ఉంది. పైన నూరు మైకులు వేలాడుతున్నాయి. ఒక మైకు కవిత చదివితే మిగతావి అందుకుంటాయి, మన పాటలో కోరస్ అందుకున్నట్టు. అందరూ రాతకో రాజకీయానికో జైలుకెళ్లిన కవులే. "మీ నాలుక మీద నేను పట్టను" అని దాని పేరుకు అర్థం. మతద్రోహి అని చంపేసిన నసీమీ అనే పాతకాలపు కవి మాట అది.

నాకు చెమటలు పట్టాయి. కవుల్ని తలుచుకుని కాదు, ఆ ఊచని చూసి. మా ఊరి షావుకారు కొట్లో అప్పు చీటీలు గుచ్చే ఊచ అట్లాగే ఉండేది. మా అమ్మ పేరు కాగితమెక్కింది అక్కడే. పక్కన వేలిముద్ర.

అదే అమ్మ నాట్లేస్తూ పొద్దంతా పాడేది. ఆసామి గట్టు మీదుంటే ఒక పాట, అటు పోతే ఇంకో పాట. ఆ రెండోది వినుంటే ఆమెనీ జైల్లో పెట్టించేవాడే!

ఆ నూరుగురికి కనీసం కాగితముంది. మనకేదీ? వేదం వింటే చెవుల్లో సీసం, పలికితే నాలుక కోత అని గౌతమ ధర్మసూత్రాల్లో రాసుకున్నారు. అక్షరమే లేకుండా చేస్తే ఇక జైలెందుకు? అయినా గొంతెత్తిన గద్దరన్నకి 1997లో తూటాలు దిగాయి. ఒకటి 2023లో ఆయన పోయేదాకా వెన్నులోనే ఉంది. మనోళ్ల పాటకి ఇనుము గుచ్చింది కాగితంలో కాదు, ఒంట్లో.

ఇక నా తప్పు చెప్పాలి. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. కొచ్చి వెళ్లేనాటికే అమ్మ పోయి రెండేళ్లు. అప్పటికి నాకు 15 ఏళ్ల సర్వీసు. ఎన్ని నోటుపుస్తకాలు దిద్దానో! అమ్మ పాట ఒక్కటీ రాసుకోలేదు. మోటు పాటలని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు నేర్పిందెవరు? నా నాలుక ఎవరూ కొయ్యలేదు. నేనే ముడుచుకున్నాను.

వేసవి సెలవులొస్తున్నాయి. అమ్మమ్మ దగ్గర, నాయనమ్మ దగ్గర కూర్చోండి. తిట్టుపాటైనా సరే, దిద్దకుండా, నోట ఎట్లొస్తే అట్లా రాయండి. జూన్‌లో నేనే వచ్చి చూస్తా. మార్కులుండవు.

జై భీమ్!