రోబోట్ అమెరికాలో, మనిషి మెక్సికోలో: 'స్లీప్ డీలర్' కథ

రోబోట్ సినిమా అనగానే మనకి చిట్టి గుర్తొస్తాడు, లేదంటే టెర్మినేటర్. మెషిన్‌కి తెలివొచ్చి మన మీద తిరగబడటం, అంతే కదా. ఈరోజు చెప్పే సినిమాలో రోబోట్‌కి అసలు తెలివే లేదు. దాన్ని నడిపేది ఒక మనిషి. ఆ మనిషి ఎక్కడ కూర్చున్నాడన్నదే కథ.

పేరు 'స్లీప్ డీలర్'. డైరెక్టర్ అలెక్స్ రివేరా. 2008లో సన్‌డాన్స్‌లో వేశారు, స్క్రీన్‌ప్లేకి అవార్డు కూడా వచ్చింది.

హీరో మెమోది మెక్సికోలో వహాకా ప్రాంతంలో ఒక పల్లె. నదికి కంపెనీ డ్యామ్ కట్టేసింది, నీళ్ళు కావాలంటే డబ్బులిచ్చి కొనుక్కోవాలి. (కృష్ణా నీళ్ళ గొడవలు వింటూ పెరిగిన మనకి ఈ సీన్ గట్టిగానే తగుల్తుంది.) డ్రోన్ దాడిలో నాన్న చనిపోతాడు. మెమో పని వెతుక్కుంటూ బోర్డర్‌లో ఉన్న టిహువానా వెళ్తాడు. బోర్డర్ మూసేశారు, దాటే ఛాన్సే లేదు. కానీ అక్కడో ఫ్యాక్టరీ ఉంది. ఒంట్లో సాకెట్లు పెట్టించుకుని, వాటికి కేబుల్స్ తగిలించుకుని నిలబడితే చాలు, అమెరికాలో బిల్డింగ్ కడుతున్న రోబోట్ వీడు చెయ్యి కదిపినట్టే కదుల్తుంది. కష్టం బోర్డర్ దాటింది, మనిషి దాటలేదు.

బీటెక్ అయ్యాక నేనూ కొన్నేళ్ళు హైదరాబాద్‌లో కూర్చుని, నైట్ షిఫ్ట్‌లో, అమెరికా సర్వర్ల మీద పని చేశా. జీతం మాత్రం హైదరాబాద్ లెక్కే. సో ఇది మనకి కొత్త కాదు. అయితే ఇన్నాళ్ళూ వైర్‌లో వెళ్ళింది కీబోర్డ్ పని మాత్రమే. ఇటుక పేర్చాలంటే మనిషే వెళ్ళాలి. అందుకే జగిత్యాల నుంచి, నిజామాబాద్ నుంచి అంతమంది గల్ఫ్ వెళ్ళారు.

రేపు రోబోట్ దుబాయ్‌లో, మేస్త్రీ జగిత్యాలలో ఉంటే? నిజం చెప్పాలంటే మంచి కూడా ఉంది. ఏజెంట్ అప్పు ఉండదు, పాస్‌పోర్ట్ లాక్కునే సేఠ్ ఉండడు, రాత్రికి పిల్లల దగ్గరే పడుకోవచ్చు. కానీ కూలి ఏ ఊరి లెక్కన ఇస్తారు? షాక్ కొట్టి పడిపోతే ఏ దేశం చట్టం కింద కేసు వెయ్యాలి? అదీకాక, చెయ్యి కదిపిన ప్రతిసారీ ఆ డేటా రికార్డ్ చేసి, దాంతోనే రోబోట్‌కి సొంతంగా పని నేర్పొచ్చు. తన పనిని తీసేసే మెషిన్‌కి మేస్త్రీయే గురువన్నమాట. నాకు అసలు భయం అక్కడే.

ఇది పూర్తిగా సినిమా కల్పన అనుకోవద్దు. 2025లో ప్రకటించిన 'నియో' అనే ఇంటి రోబోట్ ధర అప్పట్లో 20,000 డాలర్లు. దానికి రాని పని తగిలితే కంపెనీ మనిషి వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని దూరం నుంచి నడిపేలా డిజైన్ చేశారు. మరోపక్క టోక్యోలో 'డాన్' అనే కేఫ్ 2021 నుంచి ఉంది. కదల్లేక ఇంటికే పరిమితమైనవాళ్ళు అక్కడి రోబోట్లని నడిపి కస్టమర్లతో కబుర్లు చెప్తారు, జీతం తీసుకుంటారు. టెక్నాలజీ దాదాపు ఒకటే. టోక్యోలో ఒళ్ళు రానివ్వక రోబోట్ కావాల్సొచ్చింది. టిహువానాలో గోడ రానివ్వక.

సినిమా ఎక్కువగా స్పానిష్‌లోనే ఉంటుంది, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. బడ్జెట్ తక్కువ, గ్రాఫిక్స్ చూసి మధ్యలో ఆపెయ్యకండి. ఇంట్లో గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. వాళ్ళేమన్నారో నాకు చెప్పండి.