చైనా గోరింట పెంచుదాం

(దిండిలో మహిళల చదువు కేంద్రంలో ఒక టీచరమ్మ చేసిన ప్రసంగం)



ఈ రోజు ఒక పూలమొక్క గురించి మాట్లాడుకుందాం. దాని పేరు చైనా గోరింట. కొందరు చినగోరింట అని కూడా అంటారు. ఎండలు ముదిరినప్పటి నుంచి వానాకాలం దాకా గుత్తులు గుత్తులుగా పూస్తుంది. రేకులు ముడతలు పడి ఉంటాయి. రంగు కాగితంతో చేసిన పువ్వులా కనబడుతుంది. గులాబీ, తెలుపు, ఊదా రంగుల్లో దొరుకుతుంది.

మన గోరింటాకు చెట్టుకి ఇది చుట్టం. శాస్త్రం ప్రకారం రెండూ ఒకే కుటుంబం. అయితే దీని ఆకు రుబ్బి పెట్టుకుంటే చెయ్యి పండదు. నర్సరీ వాళ్లు దీన్ని లాజర్‌స్ట్రోమియా అంటారు. లాజర్‌స్ట్రోమ్ అనేది ఒక మనిషి పేరు. 1759లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ తన స్నేహితుడి పేరు ఈ జాతికి పెట్టాడు.

మాట పడేది ఎవరు?

కడియం నర్సరీ మొక్కలు మన ఊళ్లకి వస్తాయి. ముచ్చటపడి డబ్బు పెట్టి కొంటాం. ఎండాకాలం దాటేసరికి కొన్ని చచ్చిపోతాయి. అప్పుడు ఏమంటారు? "ఆవిడ చెయ్యి మంచిది కాదు" అంటారు. "నెలసరి రోజుల్లో ముట్టుకుంది, అందుకే మాడిపోయింది" అంటారు. కొత్త కోడలైతే ఇంకో రెండు మాటలు ఎక్కువ. భర్త పోయిన ఆడమనిషైతే ఇంక చెప్పక్కర్లేదు. మొక్కా పోయింది, పైగా మాటా పడింది.

అమ్మా, మొక్కకి మన చెయ్యి సంగతి తెలియదు. దానికి కావలసింది నీరు, మట్టి, ఎండ, గాలి. వీటిలో ఏది తేడా వచ్చినా ఆకు మీద కనబడుతుంది. మనం అక్షరాలు చదవడం నేర్చుకున్నాం. ఆకుని చదవడం కూడా నేర్చుకుందాం.

ఆకు అంచు మాడితే

ఆకు కొన, అంచు గోధుమ రంగుకి తిరిగాయా? మొదట్లో మట్టి మీద తెల్లటి పొర కట్టిందా? అయితే అది ఉప్పు. మన ఊరి పక్కనే వశిష్ఠ గోదావరి. కొంచెం దిగువకి వెళితే అంతర్వేది, సముద్రం. ఎండాకాలంలో నదిలో నీరు తగ్గుతుంది. అప్పుడు పోటుకి సముద్రం నీరు పైకి ఎక్కి వస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక కాలువల్లో మంచినీరు వచ్చింది. కానీ కాలువలు కట్టేసిన రోజుల్లో మనకి బోరు నీరే గతి. కొన్ని బోర్లలో ఉప్పు ఎక్కువ.

నీరు ఎలాంటిదో మీకు నేను చెప్పాలా! పప్పు ఉడకని నీరు, సబ్బు నురగ రాని నీరు మొక్కకి వద్దు. "మరి మంచినీరు ఎక్కడిది టీచరమ్మా?" అంటారు. బియ్యం కడిగిన నీళ్లు పోయండి. కూరగాయలు కడిగిన నీళ్లు పోయండి. సబ్బు నీళ్లు, ఉప్పు వేసి వార్చిన గంజి మాత్రం పోయకండి. మంచి వాన పడితే మట్టిలో ఉప్పు కడుక్కుపోతుంది.

ఆకు పచ్చబడి వేలాడితే

మట్టి తడిగా ఉంది. అయినా ఆకు పసుపు రంగుకి తిరిగి వేలాడుతోంది. నీళ్లు చాలలేదనుకుని మనం ఇంకో బిందె పోస్తాం. అదే ప్రాణం తీస్తుంది. మొదట్లో నీరు నిలిస్తే వేరుకి గాలి ఆడదు. వేరు కుళ్లిపోతుంది. నీళ్లు పోసే ముందు మట్టిలోకి వేలు పెట్టి చూడండి. రెండు కణుపుల లోతు వరకు తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు.

ఆకులన్నీ రాలిపోతే

ఇది చాలామందికి తెలియదు. చైనా గోరింట చలికాలంలో ఆకు రాలుస్తుంది. ఒక్కోసారి మోడులా నిలబడుతుంది. చచ్చిందనుకుని పీకేస్తారు. పాపం, బతికున్న మొక్కనే పీకేస్తారు!

పీకే ముందు గోటితో కొమ్మ బెరడు కొంచెం గీకండి. లోపల పచ్చగా ఉంటే మొక్క బతికే ఉంది. ఎండిపోయి గోధుమ రంగులో ఉంటే ఇంకా కిందకి వెళ్లి మొదలు దగ్గర గీకండి. అక్కడ పచ్చగా ఉన్నా ఆశ ఉంది. పెద్ద చెట్టుకి బెరడు పొరలు పొరలుగా ఊడుతుంది. అది రోగం కాదు. దాని తీరే అంత.

ఆకు మీద బూడిద చల్లినట్టు ఉంటే

ఇది బూడిద తెగులు. నీడలో, గాలి ఆడని చోట వస్తుంది. ఆ చిగుళ్లు తుంచి దూరంగా పారేయండి. ఎక్కువగా ఉంటే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి కొట్టాలి. చల్లటి పూట కొట్టండి. మండే ఎండలో కొడితే ఆకు మాడుతుంది. చిగుళ్లకి పేనుబంక పడితే గట్టిగా నీళ్లు కొట్టి కడిగేయండి.

ఎలా నాటాలి?

కొబ్బరి చెట్ల నీడలో నాటితే పూలు సరిగా రావు. రోజుకి ఆరు గంటలైనా ఎండ తగలాలి. తొలకరి పడ్డాక నాటండి. అడుగున్నర గొయ్యి తీయండి. మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక కలపండి. ప్లాస్టిక్ సంచి పూర్తిగా చింపేయండి. వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే మెల్లగా విడదీయండి. మన నేలలో నీరు నిలుస్తుంది కాబట్టి మొక్కని కొంచెం మిట్ట చేసి నాటండి.

ఎండాకాలం మొదట్లో కొబ్బరి డొక్కలు పరవండి. తడి ఆరకుండా ఉంటుంది. డొక్కలు కాండానికి తగలకూడదు. నాలుగు వేళ్ల ఎడం ఉంచండి. మొదటి ఏడాది జాగ్రత్తగా కాపాడితే తర్వాత ఎండని అదే తట్టుకుంటుంది.

ఈ మొక్క కొత్త చిగురు మీదే పూస్తుంది. అందుకే సంక్రాంతి వెళ్లాక, చిగురు రాకముందు, సన్న కొమ్మలు, ఎండు కొమ్మలు కత్తిరించాలి. మొండెం మిగిలేలా నరకొద్దు. పూలు రాలిన గుత్తులు తుంచేస్తే మళ్లీ పూస్తుంది. యూరియా ఎక్కువ వేస్తే ఆకు పెరుగుతుంది, పువ్వు తగ్గుతుంది.

డబ్బు లేకుండా మొక్క

కత్తిరించిన కొమ్మలు పారేయకండి. పెన్సిలు లావు కొమ్మని జానెడు ముక్క కొయ్యండి. రెండు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చండి. నీడలో ఉంచి, తడి ఆరకుండా చూడండి. నెల, నెలన్నరలో వేరు పోసుకుంటుంది. ఒక ఇంట్లో మొక్క ఉంటే పది ఇళ్లకి వెళుతుంది.

మనమే పరీక్ష చేద్దాం

నా మాట ఊరికే నమ్మొద్దు. ఒకే చెట్టు నుంచి పది కొమ్మలు తెచ్చుకోండి. ఒకే మట్టిలో ఐదేసి చొప్పున రెండు వరసలు గుచ్చండి. రెండు వరసలకీ ఒకే నీళ్లు పోయండి. మొదటి వరసని అందరూ రోజూ ముట్టుకోండి. నెలసరి రోజుల్లో కూడా ముట్టుకోండి. రెండో వరసని ఎవరూ ముట్టుకోవద్దు. నాటిన తేదీ, చిగురు వేసిన తేదీ నోటుబుక్కులో రాయండి. ఎన్ని బతికాయో రెండు నెలలకి లెక్క చూడండి.

రేపు ఎవరైనా "నీ చెయ్యి మంచిది కాదు" అంటే పోట్లాడక్కర్లేదు. నోటుబుక్కు తెరిచి చదివి వినిపించండి. మీరు రాసింది మీరే చదవండి.

గుర్తుంచుకుందాం

1. ఆకు అంచు మాడితే ఉప్పు నీరు.
2. మట్టి తడిగా ఉన్నా ఆకు వేలాడితే నీరు ఎక్కువ.
3. చలికాలంలో ఆకు రాలితే పీకొద్దు. గీకి చూడండి.
4. ఆకు మీద బూడిద ఉంటే ఎండ, గాలి చాలలేదు.
5. మొక్క పోతే కారణం వెతకండి. మనిషిని అనకండి.