మాతృక లేని యంత్రము



నేడు నేను ప్రసంగింపనున్నది శాస్త్రచర్చ కాదు, బేరసారములకు సంబంధించిన ముచ్చట. ఒకరు వాడి విడిచిన కంప్యూటరును బాగుచేసి మరల అమ్ముట ఇప్పుడు పట్టణములందు పెద్ద వ్యాపారము. అట్టిదానిని కొనునపుడు యంత్రముతోపాటు మనకు రావలసినదేమి? అది రానిచో కలుగు నష్టమేమి? ముప్పదియైదేండ్లు తెలుగు పంతులుగా నుండి, వ్యాకరణము తప్ప వేరొకటి యెరుగని వీనికి ఈ విషయమున మాట్లాడు నధికార మెక్కడిదని మీరడుగవచ్చును. నేను నష్టపడినవాడను. అదియే నా యధికారము.

మా మేనత్తగారికి స్త్రీల రామాయణపు పాటలు కంఠస్థములు. ఆమె పాడిన పాఠములు కొన్ని అచ్చు పుస్తకములలో నాకెక్కడను కానరాలేదు. వానిని వ్రాసికొందమన్నచో నా చేయి వణకును, కలము నిలువదు. మీటలు నొక్కుటకు మాత్రము వ్రేళ్లు లొంగును. అందువలన 2023వ సంవత్సరమున నగరములోని యొక అంగడిలో పదునాలుగువేల రూపాయలకు బాగుచేసిన కంప్యూటరు నొకదానిని కొంటిని. యంత్రము చూచుటకు క్రొత్తదానివలెనే యుండెను. దానితో డిస్కులేమైన ఇత్తురా యని యడిగితిని. "పంతులుగారూ, ఈ రోజుల్లో డిస్కులు ఎవరిస్తున్నారండీ? అన్నీ లోపలే ఉన్నాయి" అని అంగడివాడు నవ్వెను. ఆ నవ్వునకు నేను సిగ్గుపడి మరియొక ప్రశ్న వేయనైతిని.

ఎనిమిది మాసములు మేనత్తగారు పాడుచుండగా నేను మీటలు నొక్కితిని. నలుబదియొక్క పాటలు చేరినవి. 2024వ సంవత్సరమున వేసవిలో నొకనాడు, యంత్రము తన్ను తాను సవరించుకొనుచున్న సమయమున కరెంటు పోయెను. మరల వచ్చిన పిమ్మట నల్లని తెరమీద తెల్లని యక్షరములు రెండు పంక్తులు తప్ప మరేమియు కనబడలేదు. అంగడికి మోసికొనిపోయితిని. వారు గంటసేపటిలో బాగుచేసి యిచ్చిరి. యంత్రము చక్కగా నడచుచుండెను. పాటలు మాత్రము లేవు. వారు పాతదంతయు తుడిచివేసి క్రొత్తది యెక్కించిరి.

అప్పటికి మేనత్తగారు పరమపదించి రెండు నెలలు.

ఇక నసలు విషయమునకు వత్తును. కంప్యూటరున పెట్టె, తెర, మీటలు మొదలైనవి శరీరము. ఆ శరీరమును నడిపించు మూలవిద్యకు ఆపరేటింగు సిస్టమని పేరు. విండోసు అట్టిది, లినక్సు అట్టిది. తాళపత్ర గ్రంథములను ప్రతులు వ్రాయువారు మాతృకను పదిలముగా దాచుకొనెడివారు. ప్రతిని చెదలు తినినను మాతృకను చూచి మరల వ్రాసికొనవచ్చును. కంప్యూటరునకు రికవరీ డిస్కు అట్టి మాతృక. పూర్వము తయారుచేయువారు దానిని యంత్రముతోపాటు ఇచ్చెడివారు. తరువాత వ్యయము తగ్గించుటకై దానిని యంత్రములోపలి హార్డుడిస్కుననే యొక మరుగుభాగమున నుంచసాగిరి. వాడిన యంత్రములను బాగుచేయువారు పాత హార్డుడిస్కును తీసి వేరొకదానిని పెట్టుట పరిపాటి. దానితో ఆ మాతృకయు పోవును. "అన్నీ లోపలే ఉన్నాయి" అను మాట అట్టి యంత్రమునందు నిజము కాదు.

నా గోడు విని, కంప్యూటర్ల యుద్యోగమున నున్న పూర్వశిష్యు డొకడు వచ్చి యంత్రమును పరీక్షించెను. "గురువుగారూ, ముందే నాకు కబురు చేస్తే బాగుండేదండీ. ఒక పెన్‌డ్రైవు పెట్టి దీన్ని లేపి, మీ పాటలు బయటికి తీసుకొని, ఆ తరువాత బాగుచేసేవాణ్ణి" అని యతడు చెప్పెను. ఆ మాట విన్నప్పటి బాధను వర్ణింపను. అతడు మరియొకటి చూపెను. నా యంత్రమునందలి విండోసునకు సరియైన యనుమతి లేదు. పెద్ద సంస్థలు తమ యుద్యోగుల కొరకు టోకున తీసికొను అనుమతి యొక విధము కలదు. ఆ యంత్రము ఆ సంస్థవారి సర్వరుతో సంబంధము పెట్టుకొనుచుండవలెను. అట్లు పెట్టుకొననిచో 180 దినములకు అనుమతి చెల్లిపోవును. సంస్థను విడిచి వచ్చిన యంత్రమునకు ఆ యనుమతి వర్తింపదు. నాకు ఎక్కించినది ఆ పద్ధతిని అనుకరించు దొంగయనుమతి.

పండితులకు వింతగొల్పు నంశ మొకటి చెప్పుదును. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టమున 'సాహిత్యకృతి' యను మాటకు గల నిర్వచనములో కంప్యూటరు ప్రోగ్రాములు కూడ చేర్చబడియున్నవి. కావున అనుమతి లేని ప్రతిని యంత్రమునకెక్కించుట పరుని గ్రంథమును దొంగిలించి అచ్చువేసికొనుట వంటిదే. ఎరిగి యెవరమును చేయము. అడుగక చేయుదుము.

నా శిష్యుని వలన నేర్చిన దానిని క్రమముగా విన్నవింతును.

మొదటిది: డిస్కు లేకపోవుట పెద్ద దోషము కాదు, హక్కు లేకపోవుటయే దోషము. హక్కునకు గుర్తు తాళపుచెవి యనదగిన అక్షరమాల. విండోసునకు అది అయిదేసి చొప్పున అయిదు గుంపులుగా 25 అక్షరములు, అంకెలు కలిసియుండును. పాత యంత్రములకు అది చీటీగా పెట్టెకు అంటింపబడియుండును. 2012వ సంవత్సరమున విండోసు 8 వచ్చినప్పటి నుండి, తయారుచేయువారే విండోసు నెక్కించి అమ్ము యంత్రములందు అది లోపలి పలకలోనే నిక్షిప్తమై యుండును. కావున చీటీ లేనంతమాత్రమున దొంగదని తలపరాదు. ఆ హక్కు నిజముగా నున్నచో మాతృకను మైక్రోసాఫ్టువారి వద్దనుండి వెల లేకయే తెచ్చుకొని, 8 జీబీ పెన్‌డ్రైవులో నుంచుకొనవచ్చును.

రెండవది: రూకలు చేతి కీయకముందే యంత్రమును తెరిపించి, సెట్టింగులలో యాక్టివేషను అను చోట చూడుడు. అచట సంస్థవారి సేవ ద్వారా అనుమతి పొందినట్లున్నచో అది మనది కాదని తెలిసికొనవలెను. ఏ ఆపరేటింగు సిస్టము, ఏ యనుమతితో నిచ్చుచున్నదియు బిల్లుమీద వ్రాయించుకొనుడు. వ్రాయుటకు వెనుదీయు అంగడినుండి లేచి రండు.

మూడవది: యంత్రము వయస్సు నడుగుడు. విండోసు 10కి సాధారణమైన మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. విండోసు 11నకు టీపీఎం 2.0 అను రక్షణోపకరణము వలయును. ఇంటెలువారి ప్రాసెసరైనచో సామాన్యముగా ఎనిమిదవ తరమునకు లోబడినది పనికిరాదు. చౌకగా వచ్చు పాత యంత్రములు పెక్కు ఈ మెట్టు ఎక్కజాలవు.

నాలుగవది: అట్టివానికి లినక్సు కలదు. 1991వ సంవత్సరమున ఫిన్లాండులో లీనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి దాని మూలభాగమును వ్రాసి లోకమునకు పంచెను. దాని రూపభేదములలో పెక్కింటిని వెల లేకయే తెచ్చుకొనవచ్చును, పంచిపెట్టవచ్చును. అందు తెలుగు వ్రాయవచ్చును. కేరళములోని ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు దానిమీదనే చదువుచున్నారు. విద్యాదానమునకు మూల్యము గైకొనరాదను మన సంప్రదాయమునకు ఇది దగ్గరగా నున్నది. నా యంత్రమిప్పుడు దానితోనే నడచుచున్నది.

అయిదవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఆపరేటింగు సిస్టము పోయినచో మరల తెచ్చుకొనవచ్చును. మన వ్రాత పోయినచో తెచ్చి యిచ్చువారు లేరు. కావున మీరు వ్రాసినదానికి రెండవ ప్రతిని యంత్రమునకు వెలుపల, వేరొకచోట, వారమున కొకమారైన దాచుడు. బాగుచేయుటకు ఇచ్చునపుడు "లోపలి వ్రాతలను తీసిపెట్టనిదే తుడువవలదు" అని కాగితముమీద వ్రాసి యీయుడు. నేను ఈ రెండును చేయనైతిని. అంగడివాని తప్పు కొంత, నా తప్పు అంతకంటె ఎక్కువ.

మేనత్తగారి కూతురును కూర్చుండబెట్టుకొని, జ్ఞాపకమున్నంతవరకు పాడించి మరల వ్రాయుచున్నాను. ఇప్పటికి పదునేడు పాటలు తేలినవి. తక్కినవాని పల్లవులు మాత్రము ఆమెకు గుర్తున్నవి, చరణములు లేవు. ఆ పదునేడింటిని మూడుచోట్ల దాచితిని. ఒకదానిని కాగితముమీద అచ్చు వేయించి మా యూరి గ్రంథాలయమున కిచ్చితిని.

మీ మనుమలకో, ఊరి బడికో ఇట్టి యంత్రమును కొన నేగుచు మిమ్మును వెంటబెట్టుకొని పోవుదురు. మాకేమి తెలియునని మౌనముగా కూర్చుండకుడు. ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, సుడులు చూచి, నాలుగడుగులు నడిపించి కాని సంచి విప్పని పెద్దలు మీరు. ఆ యలవాటునే ఇచటను చూపుడు. అంగడివాడు నవ్విన నవ్వనిండు. నావలె సిగ్గుపడి ఊరకుండకుడు.