చౌక కార్డు – మూతపడిన కంపెనీ

కాకుమానులో ఒక గృహస్థు తన కుమారుని కంప్యూటరునకు మధ్యరకపు వెలగల గ్రాఫిక్స్ కార్డు కొనగోరి గుంటూరు వెళ్లెననుకొందము. దుకాణదారుడొక కార్డు చూపి, "కంపెనీ మూతపడినది, అందుచే చౌక" అనెను. కొనవచ్చునా? మూతపడినది ఏ కంపెనీయో మనము ముందు తెలిసికొనవలెను.

బొమ్మలను లెక్కగట్టు చిప్పును చేయువారొకరు. దానిని పలకపై అమర్చి, ఫ్యాను బిగించి, వారంటీ యిచ్చి అమ్మువారు తరచుగా మరొకరు. కార్డును నడిపించు డ్రైవరు అను సాఫ్టువేరును సవరించుచుండువారు చిప్పు కంపెనీవారే.

2010లో అమెరికాయందలి బీఎఫ్‌జీ కంపెనీ మూతపడగా, అది యిచ్చిన జీవితకాలపు వారంటీ చెల్లకపోయెను. కాని చిప్పులు ఎన్‌విడియావి గనుక డ్రైవర్లు ఆగలేదు. త్రీడీఎఫ్‌ఎక్స్ కథ వేరు. చివరి రోజులలో అది చిప్పును, కార్డును తానే చేసెడిది. 2000 డిసెంబరులో తన ముఖ్యమైన ఆస్తులను ఎన్‌విడియాకు అమ్మ నిశ్చయించెను. కొన్నవారు పాత కార్డుల బాధ్యత వహింపలేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చినపుడు, చక్కగా పనిచేయుచున్న వూడూ కార్డులకు అభిమానులు సవరించిన డ్రైవర్లను పలువురు ఆశ్రయించిరి.

కావున చిప్పు కంపెనీయే పోయినచో ఎంత చౌకయైనను వలదందుము. కార్డు కంపెనీ మాత్రమే పోయినచో, చెడినపుడు నష్టము మనదేయని యెరిగి, వెల బాగుగా తగ్గిననే కొనవచ్చును. తగ్గింపు స్వల్పమైనచో నిలిచియున్న కంపెనీ కార్డే మేలు. అప్పుడును మన దేశమున వారంటీ చెల్లించువారెవరో అడిగి, తేదీయు, కార్డు సంఖ్యయు గల బిల్లు తీసికొని భద్రపరుపవలెను.