సరంగు తెచ్చిన పాత బ్లేడు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు వారం క్రితం ఫోను చేసి, "మీ సర్వీసులో నేర్చుకున్న విషయం, నలుగురికీ పనికొచ్చేది, ఒకటి చెప్పండి" అన్నారు. పడవ అద్దం తుడిచే వైపరు గురించి చెబుతానన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "మీరు డి.ఏ. బకాయిల మీద మాట్లాడతారనుకున్నానండీ" అన్నారు. బకాయిల మీద మాట్లాడే పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. వైపరు విషయంలో బాకీ పడ్డవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ బాకీకి ముప్పై ఏళ్ళు దాటాయి. ఈ సభలో తీర్చుకుందామని వచ్చాను.

నేను 1974లో గుమాస్తాగా చేరి 2008లో పదవీ విరమణ చేశాను. అందులో కొన్నేళ్ళు తీరంలో ఒక చిన్న రేవు కార్యాలయంలో, స్టోర్సు సెక్షనులో పనిచేశాను. ఆ కార్యాలయం పేరు చెప్పను. తప్పు నాది, కార్యాలయానిది కాదు. ఆ రేవులో పెద్ద ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు, దూరంగా సముద్రంలో లంగరు వేసేవి. వాటి దగ్గరకు మనుషుల్నీ కాగితాల్నీ చేరవేసేవి మా లాంచీలే. లాంచీకి కావలసిన తాడు దగ్గరనుంచి బోల్టు దాకా నా లెడ్జరులోంచి పోవలసిందే.

1987 అక్టోబరులో ఒక లాంచీ సరంగు రెండు వైపరు బ్లేడ్లకు ఇండెంటు పంపాడు. పాత భాగం జమ చేస్తే గాని కొత్తది ఇవ్వకూడదని మా నిబంధన. నేను ఎర్రసిరాతో, "పాత బ్లేడ్లు స్టోర్సుకు జమ కాలేదు. జమ అయిన పిదప పరిశీలించవచ్చును" అని రాసి తిప్పి పంపాను. పాత బ్లేడు ఊడదీసి నాకు జమ చేస్తే లాంచీ దేనితో నడవాలి అన్న ఆలోచన నాకు రాలేదు. నిబంధన ప్రకారం రాశానన్న తృప్తే ఉంది. ఆ కాగితం అటూ ఇటూ పదకొండు రోజులు తిరిగింది.

పన్నెండోరోజు పొద్దున్నే సరంగు నా బల్ల దగ్గరకు వచ్చాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడు. పాత న్యూస్‌పేపరులో చుట్టిన బ్లేడు బల్లమీద పెట్టి, "గుమాస్తాగారూ, పాతది తెచ్చానండి. జమ చేసుకుని రసీదు ఇప్పించండి" అన్నాడు. విప్పి చూశాను. రబ్బరు సగం చీలి వేలాడుతోంది. మిగతా సగం ఎండిన చింతపండు తొక్కలా బిరుసెక్కిపోయింది.

అప్పుడు చెప్పాడు, గొంతు పెంచకుండా. ముందురోజు రాత్రి ఓడ దగ్గరనుంచి తిరిగి వస్తుంటే వాన పట్టుకుంది. వైపరు నీటిని తుడవటం మానేసి అద్దమంతా పులిమింది. రేవు దీపాలన్నీ కలిసి ఒకే వెలుగు మరకగా కనిపించాయి. పక్క కిటికీలోంచి తల బయటపెట్టి నడుపుతూ, కళాసీని టార్చి ఇచ్చి ముందు నిలబెట్టాడు. కళాసీ కేక వేసేసరికి ఎదురుగా ఒక చేపల నావ, వానకు దీపం ఆరిపోయి, అందులో ముగ్గురు మనుషులు. ఇంజను వెనక్కి తిప్పాడు. ఇంకో బారెడు దూరంలో లాంచీ ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. నేను రసీదు రాసిచ్చాను. రాసేటప్పుడు చెయ్యి వణికింది. ఆయన "ఉంటానండి" అని కొత్త బ్లేడ్లు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం జెట్టీకి వెళ్ళి, "ఈ వస్తువు ఏమిటో నాకు చూపించు సరంగూ" అని అడిగాను. ఆయన చూపించినవీ, తరవాత మెకానిక్కుల దగ్గర విన్నవీ ఇప్పుడు మనవి చేస్తాను. మనలో చాలామంది పిల్లలు, బంధువులు పడవల పనుల్లో ఉన్నారు కనుక పనికొస్తాయని నా నమ్మకం.

మొదటిది ఉప్పు. కెరటం తుంపర అద్దం మీద ఎండితే సన్నని ఉప్పు పలుకులు మిగులుతాయి. పొడి అద్దం మీద వైపరు తిప్పితే ఆ పలుకులు గరుకు కాగితంలా రబ్బరునూ అరగదీస్తాయి, అద్దాన్నీ గీరుతాయి. మనం కళ్ళజోడు పంచె చెంగుతో పొడిగా తుడిచి పాడుచేసుకోవటం లేదూ, ఇదీ అంతే. కాబట్టి ముందు మంచినీళ్ళు పొయ్యాలి, ఆ తరవాతే మీట నొక్కాలి. ఒడ్డుకు వచ్చాక అద్దమూ, వైపరు చేతులూ మంచినీళ్ళతో కడగాలి. రబ్బరు అంచును తడిగుడ్డతో, నల్లమరక రావటం ఆగేదాకా తుడవాలి. మొండి ఉప్పు వదలకపోతే నీళ్ళలో కాస్త వెనిగరు కలిపి తుడిచి, మళ్ళీ కడిగెయ్యాలి. కొన్ని పడవలకు అద్దం బదులు ప్లాస్టిక్ పలక ఉంటుంది. అది త్వరగా గీతలు పడుతుంది. దానికి అమ్మోనియా కలిసిన ద్రావకాలు వాడకూడదు.

రెండోది, అద్దం మీద పడే గుర్తును చదవటం. ఎప్పుడూ ఒకేచోట సన్నని గీత మిగులుతోందంటే అక్కడ రబ్బరు అంచు తెగిందన్నమాట, లేదా మట్టి ఇరుక్కుంది. అద్దమంతా పొగలా పులుముకుంటే నూనె జిడ్డు, డీజిలు పొగ పేరుకున్నాయి. సబ్బునీళ్ళతో కడగాలి. మధ్యలో తుడవకుండా వదిలేస్తుంటే చేతి స్ప్రింగు బలం తగ్గింది, లేదా బ్లేడు కీలు బిగుసుకుంది. వైపరు టకటకా ఎగిరెగిరి పడుతుంటే రబ్బరు గట్టిపడింది, లేదా చెయ్యి మెలి తిరిగింది. అటు వెళ్ళేటప్పుడు ఒకవైపుకు, ఇటు వచ్చేటప్పుడు రెండోవైపుకు రబ్బరు పెదవి వాలాలి. వాలలేనిది ఎగురుతుంది.

మూడోది ఇరుసు, మోటారు. చుక్కాని గది గోడలోంచి బయటికి వచ్చే ఇరుసు చుట్టూ ఉప్పునీరు దిగి, లోపల బిగదీస్తుంది. స్టీలు, అల్యూమినియం ఉప్పునీళ్ళలో కలిసి ఉన్నచోట అల్యూమినియం తెల్లని పొడిగా తినబడిపోతుంది. అందుకే ఇరుసు వాషరు సరిగా ఉందో లేదో చూసుకోవాలి. ఇరుసుకూ, లోపలి కడ్డీల కీళ్ళకూ, నట్టు మరలకూ గ్రీజు పెట్టాలి. ఆ గ్రీజు మాత్రం బ్లేడు రబ్బరుకు తగలనివ్వకూడదు. గ్రీజు, కిరసనాయిలు, డీజిలు తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. వైపరు కదలకపోతే మీట అలాగే నొక్కి ఉంచకండి, మోటారు కాలిపోతుంది. ముందు ఫ్యూజు, తరవాత వైరు కొసలు చూడండి. చాలాసార్లు అక్కడ పచ్చని చిలుము పట్టి ఉంటుంది. గీకి శుభ్రం చేసి, బిగించి, పైన కాస్త వాజలిన్ రాస్తే తేమ చేరదు. వాన లేని నెలల్లో కూడా వారానికోసారి, అద్దం తడిపి, వైపరు తిప్పుతుండాలి. కదలని వస్తువు ఉప్పుగాలికి బిగుసుకుపోతుంది. మన మోకాళ్ళ సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు.

నాలుగోది ఎండ. సముద్రం మీద వానకంటే ఎండే రబ్బరుకు పెద్ద శత్రువు. పడవ కట్టేసి ఉంచే రోజుల్లో బ్లేడ్లు తీసి నీడన పెట్టాలి, లేదా గుడ్డ కప్పాలి. చీలేదాకా ఆగకుండా వానాకాలానికి ముందే ఏటా మార్చాలి. ఒక జత విడిగా పడవలోనే ఉండాలి, వంచకుండా, కాగితంలో చుట్టి. మన తూర్పు తీరంలో ఇప్పుడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు వేట నిషేధం కదా. వలలూ ఇంజన్లూ బాగుచేసుకునే ఆ రోజుల్లోనే ఒక పూట దీనికీ కేటాయించమని మనవాళ్ళకు చెప్పండి.

ఇక అయిదోది స్టోర్సు గుమాస్తాకు సంబంధించింది. మార్చిలో గ్రాంటు మురిగిపోతుందని డజన్లకొద్దీ బ్లేడ్లు కొని రేకుల షెడ్డులో డీజిలు పీపాల పక్కన పడేసేవాళ్ళం. అక్కడి వేడికి అవి పడవ ఎక్కకుండానే ముసలివయ్యేవి. ముందు వచ్చినవి అడుగున ఉండిపోయి, కొత్తవి ముందు పోయేవి. సరంగు మాటలు విన్నాక ఒక్కొక్క జతకు వచ్చిన తేదీ చీటీ కట్టాను. చల్లని గదిలోకి మార్పించాను. పై అధికారికి నోటు పెట్టి, వైపరు బ్లేడ్ల వరకు కొత్తది ఇచ్చి, మూడు రోజుల్లో పాతది జమ చేసుకునే ఏర్పాటు చేయించాను. నా ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో రాసిన నోట్లలో పేరు పెట్టి చెప్పుకోదగ్గది అదొక్కటే.

తరవాత ఎప్పుడో చదివాను. 1903లో అమెరికాలో మేరీ ఆండర్సన్ అనే ఆవిడ వైపరుకు పేటెంటు పొందింది. న్యూయార్కులో మంచు కురుస్తుంటే ట్రాము డ్రైవరు అద్దం తెరుచుకుని చలిలో నడపటం చూసి ఆమెకు ఆ ఆలోచన వచ్చిందట. అది చదివినప్పుడు నాకు కిటికీలోంచి తల బయటపెట్టిన మా సరంగే గుర్తొచ్చాడు. ఆమెకు ఎనభై ఏళ్ళ తరవాత కూడా ఆయనకు ఆ అవస్థ తెచ్చిపెట్టింది నా ఎర్రసిరా. ఓడలు ఢీకొనకుండా 1972లో కుదిరిన అంతర్జాతీయ నియమాలు 1977లో అమలులోకి వచ్చాయి. వాటిలో అయిదో నియమం, ప్రతి నౌకా ఎల్లవేళలా చూపుతోనూ వినికిడితోనూ సరైన కాపలా ఉంచాలంటుంది. నిబంధనలంటే అంత పట్టింపు ఉన్న నాకు ఆ నిబంధన మాత్రం అప్పట్లో తెలియదు.

ఆ సరంగు కాలం చేసి చాలా ఏళ్ళయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నేనూ క్షమించమని అడగలేదు. గుమాస్తా సరంగును క్షమాపణ అడగటమేమిటని ఆ వయసులో అనిపించింది. అడిగి ఉండవలసింది. నావలో ఉన్న ఆ ముగ్గురి పేర్లు కూడా నాకు తెలియవు. వాళ్ళు క్షేమంగా ఇంటికి చేరారు, అది నాకు చాలు.

మన పిల్లలు కొందరు ఇప్పుడు మనం కూర్చున్న కుర్చీల్లోనే కూర్చుని కాగితాలు చూస్తున్నారు, కంప్యూటర్లలో చూస్తున్నారు. చిన్న వస్తువుకు ఇండెంటు వస్తే, తిప్పి పంపేముందు ఒక్కసారి ఆ వస్తువు ఎక్కడ ఉంటుందో వెళ్ళి చూడమని వాళ్ళకు నా మాటగా చెప్పండి.