సంతకానికో కిటికీ

(అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం సందర్భంగా జగదల్‌పూర్‌లో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడి గోంచా పండుగలో మీరంతా తుప్కీ చూసే ఉంటారు. వెదురు గొట్టంలో చిన్న కాయ పెట్టి కర్రతో నెడితే టప్పుమని పేలుతుంది. చేతికి అందిన వస్తువుతో కావలసింది చేసుకోవడం బస్తర్‌కు కొత్త కాదు. నేను ఈ రోజు చెప్పబోయేది కూడా అలా చేసుకున్న వస్తువు గురించే. అది పాత ఫైలు అట్ట ముక్క. దాని ఖర్చు సున్నా. దాని వెనక నా తప్పు ఒకటి ఉంది కాబట్టి ముందు అదే చెబుతాను.

మూడేళ్ల కిందటి మాట. పెన్షన్లు పడిన వారం, కౌంటర్ల దగ్గర రద్దీ. ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చారు. అందరూ ఆయన్ని మాస్టర్‌జీ అంటారు. గ్లకోమా వల్ల ఆయన చూపు పూర్తిగా పోయింది. విత్‌డ్రాయల్ ఫారం మీద ఆయన చేసిన సంతకం గీత దాటి పక్కకు జారిపోయింది. రికార్డులోని సంతకంతో కలవలేదు. కౌంటరు నుంచి ఫారం నా బల్ల మీదికి వచ్చింది. నేను లేచి వెళ్లి మాట్లాడింది ఆయనతో కాదు, మనవరాలితో: "తాతగారి చేత వేలిముద్ర వేయించేద్దామమ్మా, ఇకముందు ఇబ్బంది ఉండదు."

ఆయన గొంతు పెంచలేదు. "సాబ్, నేను ఇక్కడే ఉన్నాను. ముప్ఫై ఆరేళ్లు పిల్లల చేత పేర్లు రాయించాను. నా చేత వేలిముద్ర వేయిస్తారా?" అన్నారు.

మేనేజ్‌మెంట్ చదువులో ఖాతాదారుడే దేవుడని వ్యాసాలు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ దేవుడు ఎదురుగా నిలబడితే మనవరాలితో మాట్లాడాను.

మా దఫ్తరీ ఇదంతా వింటున్నాడు. ఒక పాత ప్లాస్టిక్ ఫైలు అట్ట తెచ్చి, బ్లేడుతో సంతకం పట్టేంత కిటికీ కోసి ఫారం మీద పెట్టాడు. మాస్టర్‌జీ ఎడమ చేతి వేలితో అంచు తడిమి, కుడి చేత్తో సంతకం చేశారు. అక్షరాలు వరసలోనే పడ్డాయి కానీ ఆయన తల అడ్డంగా ఊపారు. "హిందీలో మాత్రలు పైన ఉంటాయి. మీ కిటికీ పైఅంచు కలానికి తగులుతోంది. కింది అంచు ఒక్కటి సరిగ్గా ఉంటే చాలు, పైన చోటు వదలండి."

రెండో అట్ట అలాగే కోశాం. అది జారింది. వెనకవైపు సైకిలు ట్యూబు ముక్కలు అంటించాం. సంతకం చోటు వెతుక్కోవలసి వస్తోందన్నారు. మూడోసారి అట్టను సరిగ్గా ఫారం సైజులో కోశాం. నాలుగు అంచులూ కలిపి పెడితే కిటికీ దానంతట అదే సంతకం చోట పడుతుంది. చెక్కు కోసం ఇంకొకటి చేశాం. మూడు సార్లూ కోసింది మేము, ఎలా కోయాలో చెప్పింది ఆయన.

తర్వాత ఆయనే ఇంకో పని చెప్పారు: "నోట్లు గుర్తుపట్టడానికి ఏదైనా చేయండి." కొత్త నోట్లలో వంద 142 మిల్లీమీటర్ల పొడవు, రెండు వందలు 146, ఐదు వందలు 150. మూడింటి వెడల్పూ ఒకటే, 66. రోజూ లెక్కపెట్టే మనకే ఆ నాలుగు మిల్లీమీటర్ల తేడా పట్టదు. వందకు త్రిభుజం, ఐదు వందలకు వృత్తం ఉబ్బెత్తుగా ఉంటాయి కానీ నోటు నలిగితే అవి వేలికి అందవు. అందుకని అట్టను పట్టీలా కోసి, ఒక చివర మడిచి, ఆ మూడు కొలతల దగ్గర గాట్లు పెట్టాం. నోటును మడతకు ఆనించి సాపు చేస్తే, అవతలి అంచు మొదటి గాటు దగ్గర ఆగితే వంద, రెండోదైతే రెండు వందలు, మూడోదైతే ఐదు వందలు. పాత వంద నోటు 157 మిల్లీమీటర్లు కాబట్టి పట్టీ దాటిపోతుంది. అదీ ఒక గుర్తే. రిజర్వ్ బ్యాంకు 2020 జనవరిలో తెచ్చిన 'మణి' యాప్ కూడా నోటు విలువ చెబుతుంది, దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. స్మార్ట్ ఫోను లేని చోట ఈ పట్టీ పనిచేస్తుంది. అయితే నోటు అసలుదో నకిలీదో మాత్రం రెండూ చెప్పవు.

ఇలాంటి సొంత ఉపాయాలకు పెద్ద చరిత్రే ఉంది. 1921లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జేమ్స్ బిగ్స్ అనే ఫొటోగ్రాఫర్, చూపు పోయాక, బండ్లు నడిపేవాళ్లకు కనబడాలని తన చేతికర్రకు తెల్లరంగు వేసుకున్నాడు. మన జైపూర్‌లో 1960ల చివర రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రబ్బరు పాదం రూపొందించారు. విదేశీ కృత్రిమ పాదం బూటు కోసం చేసింది. మనవాళ్లు గొంతుక్కూర్చోవాలి, బాసింపట్టు వేసుకోవాలి, చెప్పుల్లేకుండా పొలంలో నడవాలి. వాడేవాడి బతుకు చూసి చేశారు కాబట్టే అది జైపూర్ ఫుట్‌గా ప్రపంచమంతా వెళ్లింది.

ఇళ్లలో మీరూ చేయవచ్చు. ఉప్పు డబ్బాకు ఒక రబ్బరు బ్యాండు, పంచదార డబ్బాకు రెండు. రిమోట్‌లో ఐదో అంకె మీద ఎం-సీల్ చుక్క. వేళ్లు బిగుసుకున్న అమ్మమ్మ చెంచా కాడకు సైకిలు ట్యూబు చుట్ట. వైరున్న పాత ఇయర్‌ఫోన్లు పారేయకండి, మాట్లాడే ఏటీఎంకు పనికొస్తాయి. కానీ ఒంటి బరువు మోసే కృత్రిమ కాలు, కాలిపర్ లాంటివి నిపుణులు చూడవలసినవి. వాటి మీద మన ప్రయోగాలు వద్దు.

సహోద్యోగులకు ఒక మాట. మన అట్ట ముక్క మన బాధ్యతకు బదులు కాదు. చూపు లేనివారికి చెక్కు పుస్తకం, ఏటీఎం కార్డు, లాకరు వంటి సేవలు నిరాకరించరాదని రిజర్వ్ బ్యాంకు 2008 జూన్‌లోనే చెప్పింది. 2014 జూలై నుంచి కొత్తగా పెట్టే ప్రతి ఏటీఎం మాట్లాడాలి, దాని మీటల మీద బ్రెయిలీ ఉండాలి. ఇవి మనం చేసే ఉపకారాలు కావు, వారి హక్కులు.

మాస్టర్‌జీ ఇప్పటికీ ప్రతి నెలా వస్తారు. మనవరాలు బెంచీ మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటుంది. ఆయన జేబులోంచి అట్ట తీసి, అంచులు కలిపి, పూర్తి పేరు సంతకం చేస్తారు. తర్వాత డబ్బు పట్టీ మీద కొలుచుకుంటారు. దానికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. వెనక లైనులో ఎవరైనా విసుక్కుంటే మా దఫ్తరీ వాళ్ల వైపు ఒక చూపు చూస్తాడు, అంతే.

రేపు మీ ఇంట్లోనో, వీధిలోనో, కౌంటరు దగ్గరో ఇలాంటివారు ఎదురైతే కత్తెర, అట్ట తర్వాత వెతుకుదాం. ముందు పక్కవాళ్లను కాకుండా వారినే అడుగుదాం: "మీకు ఏది వీలుగా ఉంటుందండీ?"